డి డ్రైవులో రుమియాతి

ఇమొగిరి వెళ్లే రోడ్డు మీద, సంత దాటాక రెండో మలుపులో పాక్ ముజిరాన్ టైపింగ్ కొట్టు ఉంది. పాక్ అంటే మా దగ్గర గారు అన్నట్టు. ఈ చుట్టుపక్కల ఎవరికి శుభలేఖ కావాలన్నా, కాలేజీ పిల్లలకి థీసిస్ కొట్టించాలన్నా, గ్రామపెద్దకి అర్జీ పెట్టాలన్నా, చనిపోయినవాళ్ల పేరున పంచే యాసీన్ ప్రార్థన పుస్తకం వేయించాలన్నా అక్కడికే పోతారు. ముజిరాన్‌కి ఇది జరిగేనాటికి నలభై ఆరేళ్లు. సన్నటి మనిషి, ఎప్పుడూ బాతిక్ చొక్కా, చెవి మీద పెన్సిలు. ఎవరేం అడిగినా ముందు "ఇంగ్గి" అంటాడు.

ఇంగ్గి అంటే మా జావావాళ్ల "అలాగేనండి". అది అవుననీ కాదు, కాదనీ కాదు. ఎదుటివాళ్ల ముఖం చిన్నబోకుండా చూసుకునే మాట. మేమందరం అంటాం, ముజిరాన్ కాస్త ఎక్కువ అంటాడు. అతని కొంప ముంచింది ఆ మాటేనని ఊళ్లో సగంమంది అభిప్రాయం. అతను మాత్రం మాటకేం తెలుసు, తప్పంతా నాదే అంటాడు.

కంప్యూటర్ల విషయంలో అతనికొక వేదవాక్కు ఉండేది: "సి పోతే పోనీ, డి ఉంటుంది." విండోస్‌కి జబ్బు చేసి మళ్లీ ఎక్కించాల్సి వస్తే సి డ్రైవులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది, డి లో దాచినవి మాత్రం చెక్కుచెదరవు. పదేళ్లలో పన్నెండుసార్లు ఎక్కించాడు, పన్నెండుసార్లూ డి నిలబడింది. ఇక ఆ డి మీద అతని నమ్మకం ఎంతదంటే, సి ఒక పెట్టె, డి ఇంకో పెట్టె, రెంటి మధ్యా గోడ ఉందనుకున్నాడు. లోపలున్నది ఒకటే డిస్కు అనీ, దాన్నే గీత గీసి రెండు చేశారనీ ఎవరూ చెప్పలేదు. తానూ మూత తీసి చూడలేదు. అతనే ఆ వేదవాక్కుని ఊరందరికీ నేర్పాడు. మా బళ్లో లెక్కల మాస్టారు కూడా డి అంటే దండం పెట్టుకునేవాడు.

ఆ డి లోనే రుమియాతి ఉండేది.

రుమియాతి అంటే పోనిరా కూతురు. పోనిరా సంతలో పెయెక్ అమ్ముతుంది, పల్లీలు పొదిగిన పలచటి బియ్యప్పిండి అప్పాలు. మొగుడు ఎప్పుడో పోయాడు. ఒక్కతే కూతురు, కసొంగాన్‌లో కుండలకి రంగులు వేసే పనికి పోయేది. రెండువేల ఆరు భూకంపంలో, తెల్లారి ఆరు కాకుండానే, వాళ్ల ఇంటి గోడ ఆ పిల్ల మీద పడింది. పోనిరా అప్పటికే అప్పాల బుట్ట ఎత్తుకుని సంతకి బయల్దేరింది కాబట్టి బతికింది. పిల్లకి పంతొమ్మిదేళ్లు.

ఇటుకల కింద నుంచి ఒక ఫోటో దొరికింది. పెదనాన్న కూతురి పెళ్లిలో తీసింది, కెబయా రవిక తొడుక్కుని కొప్పులో మల్లెలు పెట్టుకుని ఉంది. వానకి తడిసి అద్దానికి అతుక్కుపోయింది. పోనిరా దాన్ని సెలెందాంగ్‌లో, ఆ భుజం మీది గుడ్డలో, పసిబిడ్డని చుట్టినట్టు చుట్టుకుని ముజిరాన్ దగ్గరికి తెచ్చింది. అతను అద్దంతో సహా స్కాన్ చేశాడు. తర్వాత అద్దం నుంచి ఫోటోని ఊడదీయబోతే ముఖం అద్దానికే ఉండిపోయి, కాగితం తెల్లగా ఊడొచ్చింది.

"అయ్యో, యూ," అన్నాడు ముజిరాన్. పోనిరాని అతను యూ అని పిలిచేవాడు, అక్కా అన్నట్టు. "ఫోటో పోయింది. కానీ నువ్వేం దిగులు పడకు. ఇదిగో చూడు, నా డి లో ఉంది. భూమి మళ్లీ కదిలినా దీనికేం కాదు."

ఆమె తెరవంక చూసింది. చాలాసేపు చూసి, "ఇక్కడే ఉండనీ దిక్," అంది. దిక్ అంటే తమ్ముడు. "నా ఇంటికి పైకప్పే లేదు. గోడ లేచాక తీసుకుపోతాను."

గోడ లేచింది, కప్పు పడింది. అయినా తీసుకుపోలేదు. రుమియాతి పుట్టింది క్లివోన్ శుక్రవారం. మా ఏడు రోజుల వారమూ ఐదు రోజుల వారమూ కలిసి ముప్పై అయిదు రోజులకొకసారి ఆ రోజు తిరిగొస్తుంది. ప్రతి క్లివోన్ శుక్రవారం పోనిరా సంత ముగించుకుని కొట్టుకి వచ్చేది. ఖాళీ బుట్ట గుమ్మం పక్కన పెట్టి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేది. ముజిరాన్ చేతిలో పని ఆపి డి తెరిచి, రుమియాతిని తెర నిండా పరిచేవాడు. ఆమె చూసేది. ఒక పావుగంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. లేచేటప్పుడు ఒక పొట్లం పెయెక్ బల్ల మీద పెట్టి, "చూసొచ్చానులే," అని వెళ్లేది, వేరే ఊళ్లో కాపురముంటున్న కూతుర్ని చూసొచ్చినట్టు.

ఒక్క కాగితం తీసి ఆమె చేతిలో పెట్టి ఉండొచ్చు. ఫోటో కాగితం ఒకటి, ప్రింటరులో నాలుగు నిమిషాలు. ఎందుకు తీయలేదంటే, బుగ్గ మీదుగా నీటి మరక ఒకటి పడింది, దాన్ని శుభ్రంగా తుడిచి, వెనక తెర మార్చి, చనిపోయిన వెయ్యో రోజుకి వేసే యాసీన్ పుస్తకంలో మొదటి పేజీకి వాడి, అప్పుడు పెద్దది కూడా తీసి ఇద్దామనుకున్నాడు. నలభయ్యో రోజుకీ వందో రోజుకీ పుస్తకాలు వేసే పరిస్థితి ఊళ్లో ఎవరికీ లేదు. అందుకే వెయ్యో రోజుది ఘనంగా వేయాలని పోనిరా పట్టు. ఇది పైకి చెప్పుకునే కారణం. లోపలిది ఇంకొకటుంది. ఆమె అలా వచ్చి కూర్చోవడం అతనికి బాగుండేది. తన కొట్టు ఒక మనిషికి అంత అవసరమని అనిపించేది. దాన్ని వదులుకోబుద్ధి కాలేదు. ఇప్పుడు అడిగితే దాచకుండా అతనే చెప్తాడు.

రెండేళ్లు గడిచాక తనిఖీల పుకారు లేచింది. దొంగ కాపీలు వాడే కొట్ల మీద పడి కంప్యూటర్లు లారీకెక్కించుకుపోతున్నారని. నిజంగా ఎక్కడ పట్టుకుపోయారో చూసినవాడు లేడు, విన్నవాళ్లే అందరూ. ముజిరాన్ కొట్టులో ఒక్క ప్రోగ్రాం కూడా కొన్నది కాదు. అతనికి అన్నం సహించడం మానేసింది. అప్పుడే వృత్తివిద్యా పాఠశాలలో బు హెస్తి అని, బు అంటే మేడం, ఒక టీచరమ్మ ఆదివారాలు విండోస్ బదులు వాడుకునే లినక్స్ నేర్పుతోందని తెలిసి వెళ్లాడు. దొంగతనం అక్కర్లేదు, అందరికీ ఉచితం, పోలీసుకీ భయం లేదు అని ఆవిడ చెప్పింది. అతనికి ప్రాణం లేచొచ్చింది.

ఇంటికొచ్చి ఒక నోట్‌బుక్కు తెరిచాడు. పేజీ మధ్యలో గీత గీసి, ఎడమవైపు తాను వాడే పాత ప్రోగ్రాములన్నీ వరసగా రాశాడు. కుడివైపు ఖాళీ. ఒక్కోదానికీ లినక్స్‌లో జోడీ వెతకాలి. వర్డ్ పక్కన ఓపెనాఫీస్ వచ్చి కూర్చుంది. ఫోటోషాప్‌కి గింప్. శుభలేఖలు గీసే కోరెల్‌కి ఇంక్‌స్కేప్. ఆఖరికి పాటలు పెట్టుకునేదానికి కూడా ఒకటి దొరికింది, అచ్చం పాతదాని పోలికే.

భార్య సుమార్ని టీ పెడుతూ భుజం మీదుగా తొంగి చూసింది. "పాక్నే, ఇన్ని పెళ్లిళ్లు కుదురుస్తున్నారు, పుట్టిన వారాలు కలిశాయో లేదో లెక్క కట్టించారా? రేప్పొద్దున విడాకులంటూ నా నెత్తిమీదికొస్తారు."

"కలిశాయిలే బూనె. పిల్ల కాస్త మొరటు. అలవాటవుతుంది."

"మొరటు పిల్లని నేను ఇరవై ఏళ్లుగా భరించట్లేదూ?" అని ఆవిడ లోపలికి పోయింది.

ఆ శుక్రవారం పోనిరా వచ్చినప్పుడు ఆ నోట్‌బుక్కు ఆమెకి కూడా చూపించాడు. ఆమెకి చదువు రాదు. అయినా వేలు పెట్టి, "ఇది పాతది, ఇది కొత్తది. పాతదాంట్లో ఉన్న ప్రతిదానికీ కొత్తదాంట్లో జోడీ ఉంది యూ, ఒక్కటీ తప్పిపోదు," అని చెప్పాడు. ఆమె తల ఊపి, రుమియాతివంక తిరిగింది. అదే ఆఖరి చూపని ఇద్దరికీ తెలియదు.

ఆదివారం బు హెస్తి అతనికి ఉబుంటు అనే లినక్స్ డిస్కూ, వెంట ప్రోగ్రాములు నింపిన అయిదు డివిడిలూ ఇచ్చింది. అవి ఇస్తూ క్లాసందరి ముందూ అడిగింది.

"పాక్ ముజి, ఎక్కించే ముందు మీ డేటా బయట ఎక్కడైనా కాపీ చేసుకున్నారా?"

"ఇంగ్గి, బు."

"మొత్తమేనా?"

"ఇంగ్గి, మొత్తం."

మొత్తం కాదు. చేతిలో ఉన్న పనులు మాత్రం ఫ్లాష్‌డిస్కులో వేసుకున్నాడు, రెండు థీసిస్‌లూ నాలుగు శుభలేఖలూ. మిగతాది డి లో ఉంది కదా. ఇరవైమంది కుర్రకారు మధ్య, తలపండిన టైపిస్టు లేచి "లేదండీ, చేయలేదు" అంటే ఆవిడ మళ్లీ మొదటినుంచి చెప్పాలి, అందరూ ఆగాలి. దానికంటే ఇంగ్గి తేలిక. పైగా పారేసుకోకూడనివన్నీ అతను అన్నిటికంటే భద్రమైన చోటే ఉంచాడు, తనకి తెలిసిన లెక్క ప్రకారం.

సోమవారం పొద్దున కొట్టుకి తలుపు వేసి, డిస్కు పెట్టాడు. మధ్యలో ఒక ప్రశ్న వచ్చింది: డిస్కు మొత్తం వాడుకోమంటారా, మీరే విడదీస్తారా? మొత్తం అంటే సి మొత్తమనుకున్నాడు. డి వేరే పెట్టె కదా. ఒక్క మీట నొక్కాడు. తెర మీద పని ఎంతైందో చూపే గీత నిండుతూ పోయింది. సుమార్ని తెచ్చిన వేయించిన అరటికాయ ముక్కలు తింటూ దాన్నే చూస్తూ కూర్చున్నాడు. తుడిచిపెట్టుకుపోతున్నది ఎవరో తెలియక, తింటూ.

ఆ తర్వాత నాలుగు వారాలు అతను చిన్నపిల్లాడైపోయాడు. పొద్దున్నే లేచి కొత్త డివిడి పెట్టడం, ఏదో ఒకటి ఎక్కించడం, నోట్‌బుక్కులో టిక్కు పెట్టడం. కష్టాలు లేకపోలేదు. గింప్ తెరిస్తే మూడు ముక్కలై తెరంతా పరుచుకునేది, సంతలో పట్టా పరిచినట్టు. ఎడమచేతి వేళ్లు పాత మీటల మీదికే పోయేవి, పోయిన ప్రతిసారీ బొమ్మ ఏదో వికారమయ్యేది. ఓపెనాఫీస్‌లో థీసిస్ తెరిస్తే డెబ్బై పేజీలది డెబ్బై నాలుగయ్యి కూర్చుంది, ఆ కాలేజీ పిల్ల ఏడుపు ముఖం పెట్టింది. అతను మాత్రం విసుక్కోలేదు. "కొత్త కాపురం కదమ్మా, సర్దుకుంటుంది," అనేవాడు. అక్కర్లేనివి కూడా ఎక్కించాడు, నక్షత్రాలు చూసేది ఒకటి, పేకాట రకాలు పదో పన్నెండో, పిల్లలకి లెక్కలు నేర్పేది ఒకటి. ఉన్నవన్నీ మనవే కదా అని. అంత సంతోషంగా అతను ఎప్పుడూ లేడని సుమార్ని చెప్తుంది.

ఒక్కటే కుదరలేదు. డి కనిపించలేదు. కొత్తదాంట్లో అన్నిటి చోట్లూ మారాయి కాబట్టి ఇదీ ఏదో మూల దాక్కుని ఉంటుందనుకున్నాడు. జాబితా అడుగున ఎడమవైపు "డి" అని రాసి, కుడివైపు ప్రశ్నార్థకం పెట్టాడు. మిగతావన్నీ దొరికినప్పుడు ఇదెక్కడికి పోతుంది? అడగడానికి మనసొప్పలేదు. మొత్తం కాపీ చేసుకున్నానని అందరి ముందూ చెప్పినవాడు, ఇప్పుడు డి ఎక్కడండీ అని ఏ ముఖంతో అడుగుతాడు? రెండు ఆదివారాలు క్లాసుకి వెళ్లి, రెండుసార్లూ నోరు విప్పకుండానే తిరిగొచ్చాడు.

రేపు క్లివోన్ శుక్రవారమనగా, గురువారం మధ్యాహ్నం, ఇక తప్పక బడికి పోయాడు. బు హెస్తి ఆకులో చుట్టిన అన్నం విప్పుకుంటోంది.

"బు, చిన్న అనుమానం. మన విండోస్‌లో డి ఉంటుంది కదండీ. లినక్స్‌లో దాన్నేమంటారు?"

ఆవిడ చెయ్యి ఆగింది. "ఎక్కించేటప్పుడు ఏ వరస ఎంచుకున్నారు, పాక్?"

"మొత్తం వాడుకో అని ఉంటే, అదే."

"మీ పెట్టెలో డిస్కులెన్ని?"

"రెండండీ. సి, డి."

ఆవిడ అన్నం పక్కన పెట్టేసింది. చాలా నెమ్మదిగా, పిల్లలకి చెప్పినట్టు చెప్పింది, డిస్కు ఒకటేనని. అతను ఇంగ్గి, ఇంగ్గి అంటూ విన్నాడు. విని, "అయితే డి ఎక్కడుందండీ?" అని మళ్లీ అదే అడిగాడు.

"కంగారు పడకండి. తుడిచినంత మాత్రాన వెంటనే పోదు. పుస్తకంలో విషయసూచిక చింపేసినట్టు, లోపలి పేజీలు అలాగే ఉంటాయి. వాటి మీద కొత్తవి రాసినప్పుడే పోతాయి. ఎక్కించాక మీరేమైనా వేశారా?"

"మీరిచ్చిన డివిడిలేనండీ."

"ఎన్ని?"

"అయిదూ," అన్నాడు ముజిరాన్. "అన్నీ వేశాను బు."

ఆవిడ డిస్కు విప్పి తెచ్చివ్వమంది. తిట్టి ఉంటే బాగుండేదని అతను ఇప్పటికీ అంటాడు. నాలుగు వారాలుగా తాను టిక్కు పెట్టిన ప్రతి ప్రోగ్రామూ, ఆ నక్షత్రాలూ, ఆ పేకాటలూ, ఒక్కొక్కటిగా వెళ్లి ఆ పిల్ల ముఖం మీదే పడ్డాయన్నమాట. ఆమెని ఒకసారి గోడ పూడ్చింది, రెండోసారి తాను పూడ్చాడు. ఈ మాట అతనిదే, నేను కల్పించింది కాదు.

మర్నాడు పోనిరా వచ్చింది. బల్ల మీద కంప్యూటర్ లేదు, డిస్కు బు హెస్తి దగ్గరుంది, మిగతాది లోపల పెట్టేశాడు.

"యంత్రమేదీ, దిక్?"

"బాగుకిచ్చాను, యూ. వచ్చే క్లివోన్‌కి వచ్చేస్తుంది."

"అలాగా," అంది. అంతదూరం నడిచొచ్చింది కదా, వెంటనే లేవలేదు. ఖాళీ బల్లవంక తిరిగి ఆ కుర్చీలోనే కాసేపు కూర్చుంది. పొట్లం పెట్టి వెళ్లింది. "చూసొచ్చానులే" అనలేదు. ఆ పెయెక్ అతను నోట పెట్టలేకపోయాడు, సుమార్ని కోళ్లకి వేసింది.

ఆ ముప్పై అయిదు రోజులూ చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు తిరిగాడు. ఆ ఫోటో తీసిన పెళ్లిలో పెళ్లికూతురు, రుమియాతి పెదనాన్న కూతురి ఇంటికి పోయాడు, వాళ్ల ఆల్బమ్ కూడా భూకంపం పొద్దునే మట్టిపాలైంది. రుమియాతి చదివిన బడికి పోయాడు, రికార్డుల గది కూలిపోయిందన్నారు. గ్రామ కార్యాలయంలో గుర్తింపు కార్డుల కాగితాలు తడిసి ముద్దయ్యి ఎప్పుడో పారేశారు. కసొంగాన్‌లో కుండల యజమానికి రుమియాతి గీసిన పూలకుండ గుర్తుంది, ముఖం గుర్తులేదు. ఫోటోలంటే గోడకి ఒకటి, ఆల్బమ్‌లో ఒకటి ఉండే ఇళ్లు మావి. గోడలు పోయినప్పుడు అన్నీ పోయాయి.

బు హెస్తి మాత్రం చేయగలిగింది చేసింది. చెరిగిపోయినవాటిని తవ్వితీసే లినక్స్ ప్రోగ్రాం ఒకటుంది. ముజిరాన్ జాబితాలో దానికి జోడీగా పాతదేదీ లేదు, అలాంటిది అవసరం పడుతుందని ఎన్నడూ అనుకోలేదు గనక. పేర్లు లేని ముక్కలు వేలకొద్దీ బయటపడ్డాయి. శుభలేఖల అంచులు, ఎవరివో సగం సంతకాలు, థీసిస్ పేరాలు. బడి అయ్యాక కూర్చుని ఆవిడ ఒక్కొక్కటీ చూసింది, పన్నెండు రోజులు. పదమూడో రోజున తానే కొట్టుకి వచ్చి, డిస్కు బిగించి, ఒక బొమ్మ తెరిచింది.

పైన కొంత మిగిలింది. కొప్పు, మల్లెలు, నుదురు, కనుబొమలు. కనుబొమల దగ్గర్నుంచి కిందికి అంతా బూడిద రంగు.

"ఇంతే దొరికింది, పాక్," అంది బు హెస్తి. "ఆ రోజు క్లాసులో నేను ఇంకోసారి అడగాల్సింది."

"మీరు రెండుసార్లు అడిగారు," అన్నాడతను.

క్లివోన్ శుక్రవారం వచ్చింది. వెయ్యో రోజు ఇంకో పన్నెండు రోజులుంది. పోనిరా బుట్ట గుమ్మం దగ్గర పెట్టి, బల్ల మీద యంత్రం చూసి సంబరపడింది.

"వచ్చేసిందే! నిన్న రాత్రే అనుకున్నా, ఈసారి పుస్తకం సంగతి కూడా మాట్లాడాలని."

"కూర్చో, యూ."

కూర్చుంది. అతను నిలబడే చెప్పాడు. డి లేదనీ, తానే చెరిపేశాననీ, టీచరమ్మ అడిగితే అంతా కాపీ చేశానని అబద్ధమాడాననీ, కిందటిసారి బాగుకిచ్చానన్నది కూడా అబద్ధమేననీ. పోనిరాకి డిస్కులూ డివిడిలూ తెలియవు. కానీ వింటున్నకొద్దీ ఆమె చేతులు సెలెందాంగ్ కొసని మెలితిప్పుతూ పోయాయి.

"కొత్తదాంట్లో అన్నీ ఉంటాయన్నావు కదా, దిక్," అంది చివరికి. కోపంగా కాదు, నిజంగా తెలియక అడిగినట్టు. "పాతదాంట్లో ఉన్న ప్రతిదానికీ ఒక జోడీ ఉందన్నావు. పుస్తకం చూపించావు."

"అన్నాను."

"మా పిల్లకి లేదా?"

ముజిరాన్ పుట్టి బుద్ధెరిగాక ఎవరి ముఖం మీదా అనని మాట అన్నాడు.

"లేదు, యూ."

సుమార్ని లోపల గిన్నెల చప్పుడు ఆపేసింది. పోనిరానే, "మిగిలిందేదో చూపించు," అంది.

చూపించాడు. ఆమె కుర్చీ ముందుకి లాక్కుంది. సెలెందాంగ్ కొసతో తెర మీద దుమ్ము తుడిచింది, ముఖం తుడిచినంత మెల్లగా. "మల్లెలు నేనే గుచ్చాను," అంది. "అప్పటికే వాడాయి, అయినా పెట్టుకుంది." తర్వాత వేలు బూడిద రంగు మీదికి దింపింది. "ఇక్కడ కళ్లు. ఇక్కడ ముక్కు, మా అత్త ముక్కు వచ్చింది దీనికి. ఇదిగో నోరు, ఎప్పుడూ కాస్త తెరుచుకునే ఉండేది, ఎంత చెప్పినా వినేది కాదు. ఇక్కడ గడ్డం, గడ్డం మీద మచ్చ..."

వేలు ఆగింది. ఒక పక్కకి వెళ్లింది, మళ్లీ రెండో పక్కకి వచ్చింది.

"మచ్చ ఎటువైపు, దిక్?"

అతను తెర దగ్గరికి వంగాడు.

"మొదట్లో బాగానే గుర్తుండేది," అంది పోనిరా, తెరకే చెప్తున్నట్టు. "ఇప్పుడు కళ్లు మూసుకుంటే ఒకసారి ఇటు కనిపిస్తుంది, ఒకసారి అటు. పక్కింటివాళ్లని అడిగితే ఒకరు ఇటంటారు, ఒకరు అటంటారు. అందుకే నీ దగ్గరికి వచ్చేదాన్ని. ఒకసారి చూసుకుంటే నెల సరిపోయేది." ఆమె తలెత్తి అతనివంక చూసింది. "నువ్వు రోజూ చూసినవాడివి. ఎడమవైపే కదూ?"

ముజిరాన్ వెతుక్కున్నాడు. రెండున్నరేళ్లు ఆ ఫోటోని అంగుళం అంగుళం పెద్దది చేసి చూశాడు. నీటి మరక ఏ ఆకారంలో ఉందో ఇప్పుడడిగినా గీసి చూపించగలడు. ఎక్కడ మొదలై ఎక్కడ పలచబడిందో, ఏ పరికరంతో ఎలా తుడవాలో అంతా గుర్తుంది. అద్దం పగిలిన గీత గుర్తుంది. మచ్చ గుర్తులేదు. మరకనే చూశాడు గానీ ముఖాన్ని ఎప్పుడూ చూడలేదు.

ఆమె ఇంకా అతనివంకే చూస్తోంది.

"ఇంగ్గి, యూ," అన్నాడు. "ఎడమవైపే."

"అదీ! నేనూ అదే అనుకున్నా," అంది పోనిరా, ప్రాణం కుదుటపడ్డట్టు. ఆ బూడిద రంగు మీద ఒకచోట వేలు ఆనించి, చాలాసేపు అలాగే ఉంచింది. లేచేటప్పుడు పొట్లం పెట్టడం మర్చిపోలేదు.

వెయ్యో రోజుకి పుస్తకాలు వేశాడు. మొదటి పేజీలో పేరు, పుట్టిన వారం, పోయిన వారం. ఫోటో ఉండాల్సిన చోట మల్లెల అంచు గీశాడు, ఇంక్‌స్కేప్‌లో. దాని కోసం అతను ఆ ప్రోగ్రాముని కుదురుగా నేర్చుకున్నాడు. పని చక్కగా వచ్చిందని అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకున్నప్పుడల్లా అతనికి తల కొట్టేసినట్టుండేది. పోనిరా మర్నాడు తానే ప్రసాదం పెట్టె తెచ్చి ఇచ్చింది, అపెం రొట్టెలూ, తీపి గుజ్జులో ఉడికిన అరటిపండూ. వెయ్యో రోజుతో ఆత్మ పూర్తిగా వెళ్లిపోతుందని మా నమ్మకం. ఆ తర్వాత ఆమె శుక్రవారాలు కొట్టు ముందునుంచే పోతుంది, చెయ్యి ఊపుతుంది, లోపలికి రాదు.

తనిఖీలవాళ్లు మా రోడ్డుకి రానేలేదు. ఇప్పుడు ఈ చుట్టుపక్కల లినక్స్ ఎవరు ఎక్కించుకోవాలన్నా ముజిరాన్ దగ్గరికే వస్తారు. అతను ముందు కాపీ చూపించమంటాడు. చేశామండీ, ఇంగ్గి, ఇంగ్గి అంటే ఒప్పుకోడు. "ఇంగ్గి కాదు, చేతికివ్వు," అంటాడు. తెచ్చి చేతిలో పెడితే తెరిచి, ఇంట్లోవాళ్ల ఫోటోలు ఒక్కొక్కటీ చూసి, అప్పుడు గానీ మీట నొక్కడు. ముసలాడికి చాదస్తమని కుర్రకారు నవ్వుకుంటారు. ఆ నోట్‌బుక్కు మేకుకి వేలాడుతూనే ఉంది, అడుగున ప్రశ్నార్థకంతో సహా.

మొన్న ఏడాది పోనిరా మేనకోడలికి ఆడపిల్ల పుట్టింది. గడ్డం మీద చిన్న మచ్చ, ఎడమవైపు. పోనిరాకి కాళ్లు నేల మీద నిలవలేదు. పసిదాన్ని సెలెందాంగ్‌లో వేసుకుని సంతంతా తిప్పింది, "చూడండి, సరిగ్గా మా రుమియాతికి ఉన్నచోటే! అనుమానముంటే పాక్ ముజిని అడగండి, రోజూ చూసినవాడు," అని.

ఆడవాళ్లు నలుగురైదుగురు నిజంగానే కొట్టుకి వచ్చారు. పోనిరా వెనకాలే పాపతో నిలబడి ఉంది, నవ్వుతూ.

"నిజమేనా, పాక్? ఆ పిల్లకీ ఇటే ఉండేదా?"

ముజిరాన్ చెవి మీది పెన్సిలు తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. పాప ముఖంలోకి వంగి, ఈసారి బాగా చూశాడు.

"ఇంగ్గి," అన్నాడు.